మా ఇంటి మగబిడ్డల జొరాలు

మా అమ్మ నా కొడుకును ఎత్తుకునేది కాదు.

నా కూతురు పుట్టినప్పుడు అట్ల లేదు. ఆ కాన్పు పుట్టింట్లో, వడమాలపేటలో జరిగింది. అమ్మ దాన్ని కింద పెట్టనిచ్చేది కాదు. కాళ్ళు చాపుకొని వాటి మీద పడుకోబెట్టి నీళ్ళు పోసేది, సాంబ్రాణి పొగ పట్టేది, చెవి దగ్గర నోరు పెట్టి ఏందేందో చెప్పి నవ్వించేది. ఏడేళ్ళ తర్వాత కొడుకు కూడా అక్కడే పుట్టినాడు, అప్పుడూ అన్నీ చేసింది. నాకు పత్యం వండింది, నడుముకు గుడ్డ బిగించి కట్టింది, నన్ను మంచం దిగనీలేదు. బిడ్డకు నీళ్ళు పోసేదానికి మాత్రం పక్కింటామెను పిలుచుకొని వచ్చింది.

"నువ్వే పొయ్యొచ్చు కదమ్మా," అన్నాను.

"నాకు చేతులు వణుకుతాండాయి మే. జారిపోతే?" అని వంటింట్లోకి పోయింది.

వయసు మీద పడింది కదా అనుకున్నాను. కానీ నేను పాకాలలో మా ఇంటికి తిరిగొచ్చినాక కూడా, ఎప్పుడన్నా మమ్మల్ని చూసేదానికి వచ్చినప్పుడు, ఊయల దగ్గరికి పోయి వంగి చూసేదే గానీ చేతుల్లోకి తీసుకునేది కాదు. మా అత్త అది గమనించింది. ఆమె మాతోనే ఉంటుంది. మనవడు పుట్టినాడని వీధంతా చక్కెర పంచిన మనిషి. "మీ యమ్మకు మొగపిల్లోడంటే ఇష్టం లేదేమో మే," అని ఒకసారి నవ్వుతా అనింది. నవ్వుతానే అనింది గానీ నాకు గుచ్చుకునింది.

వాడు బొద్దుగా ఉండేవాడు. ఆరు నెలల దాకా ఒక తుమ్ము లేదు, దగ్గు లేదు. బుగ్గన దిష్టి చుక్క లేకుండా మా అత్త గడప దాటనిచ్చేది కాదు. నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తాను. కాయల సీజన్ మొదలయ్యేసరికి వాడిని అత్త దగ్గర వదిలి పనికి పోవడం మొదలుపెట్టినాను. అప్పటికి వాడికి ఎనిమిదో నెల.

మొదట చెవి. రాత్రంతా గింజుకొని ఏడ్చి, పొద్దున చూస్తే దిండు గుడ్డ మీద పసుప్పచ్చగా చీము మరక. పాకాలలో డాక్టరు మందు రాసిచ్చినాడు, తగ్గింది. వారం తిరక్కముందే రెండో చెవి. తర్వాత దగ్గు. తర్వాత జొరం. మందు వేసినన్నాళ్ళు తగ్గుతుంది, ఆపితే మళ్ళీ వస్తుంది. ఒకరోజు వాడి పక్కటెముకలు లోపలికి గుంజుకుపోతుంటే మా ఆయన పాల వ్యాన్‌ను డిపోలోనే వదిలేసి వచ్చినాడు. తిరుపతికి తీసుకొని పోయినాము. నెమ్ము, న్యుమోనియా అన్నారు. వారం పైన ఆసుపత్రిలో ఉంచి పంపినారు.

ఇంట్లో అందరూ తలా ఒక మాట చెప్పినారు. పళ్ళు వచ్చేటప్పుడు అట్లే ఉంటుందని ఒకరు. ఫ్యాక్టరీ నుంచి చల్లగాలి మోసుకొచ్చి పాలిస్తున్నానని ఒకరు. మా అత్త వాడిని మసీదు దగ్గరికి తీసుకొని పోయి ఊదించుకొని, మొలకు తాయెత్తు కట్టించుకొని వచ్చింది. నాకు ఆశ్చర్యమంతా నా కూతురి మీద. అది బడి నుంచి జలుబు తెచ్చేది, రెండు రోజులు ముక్కు ఎగబీల్చేది, మూడో రోజు వీధిలో ఆడుకునేది. అదే జలుబు తమ్ముడికి అంటుకుంటే మళ్ళీ నెమ్ము. ఒకే ఇల్లు, ఒకే నీళ్ళు, ఒకే గాలి.

"ఆడబిడ్డ మొండిపిండం మే. మొగోళ్ళు సుకుమారం," అనేది మా అత్త. తిరుపతిలో డాక్టరును అడిగితే ఆయన కూడా దాదాపు అదే మాట అన్నాడు. చిన్న వయసులో ఇట్లాంటి జబ్బులు ఆడపిల్లల కంటే మగపిల్లలకు కొంచెం ఎక్కువేనంట. ఏడాది రెండేళ్ళు దాటితే గట్టిపడతారంట. ఆ మాట పట్టుకొని కొన్నాళ్ళు నెట్టుకొచ్చినాను. పొద్దున లేస్తానే వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం, ఆఫీసులో కూర్చొని అత్తకు ఫోన్ చేయడం, అత్త ఎత్తకపోతే ఇంక కాళ్ళాడకపోవడం. ఫోన్ మోగితే ఎవరు చేసినారో చూడకముందే గుండె జారిపోయేది.

అమ్మ కూడా రోజూ ఫోన్ చేసేది. ఒకరోజు వాడికి మళ్ళీ చెవి కారడం మొదలైంది. నేను ఎవరికీ చెప్పలేదు, అప్పుడే మందు వేసి బయటికి వచ్చినాను. ఫోన్ మోగింది.

"చెవి మళ్ళా కారతాండాదా?" అనింది అమ్మ.

అవునన్నాను. ఆ తర్వాత గానీ నాకు తట్టలేదు, అంతకుముందు వాడికి చెవి బాధ ఉన్న సంగతే నేను ఆమెకు చెప్పలేదని. జొరం, దగ్గు అని చెప్పినాను గానీ చెవి మాట ఎత్తలేదు.

రెండోసారి నెమ్ముతో తిరుపతిలో చేర్చినప్పుడు అమ్మ వచ్చింది. మంచం కాళ్ళ వైపు నిలబడింది. బిడ్డ చేతికి సెలైన్ సూది, సూది కదలకుండా అట్టముక్క పెట్టి కట్టిన కట్టు. అమ్మ వాడి మొహం చూడకుండా ఆ అట్టముక్క వైపే చూస్తా ఉండింది. మా అత్త అన్నం తినేదానికి కిందికి పోయినాక అడిగినాను.

"అమ్మా, వీనికి చెవి కారతాదని నీకెట్ల తెలుసు?"

ఆమె కొంగు కొన మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"నీ తర్వాత ఒకడు పుట్టినాడు," అనింది చివరికి.

నాకొక తమ్ముడు పుట్టి పోయినాడని తెలుసు. మా ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. నాకు అప్పుడు మూడేళ్ళు. వాడి మొహం కూడా గుర్తులేదు.

"ఎనిమిదో నెల దాకా ఇట్లనే ఉన్నాడు, ఇంత బుగ్గలేసుకొని," అనింది. "ఆ మీదట చెవి. ఆ మీదట నెమ్ము. పుట్టినరోజు దాటినాడు గానీ ఎండాకాలం దాటలే. మీ అవ్వకూ అంతే. నా ముందర ఒకడు, నా ఎనక ఒకడు. ఇద్దరూ నడక రాకముందే పోయినారు. రెండోవాణ్ణి విస్తరాకుల మీద దొర్లించి, చేటలో పెట్టి పొరుగామెకు అమ్మినట్టు అమ్మి మళ్ళీ కొనుక్కొని, ముక్కు కుట్టించి... ఎన్ని చేసినా ఉండలే. ఆడబిడ్డలం నేనూ మీ పెద్దమ్మా రాళ్ళలాగా ఉండాము. మీ పెద్దమ్మకు అందరూ ఆడపిల్లలే. అది అదృష్టవంతురాలు."

నేను బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసినాను.

"నీకు మొగబిడ్డ అని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు మే," అనింది. "నేను ముట్టుకుంటే వానికీ అంటుకుంటాదేమోనని..." అంతలో అత్త మెట్లెక్కి వస్తున్న అడుగుల చప్పుడు వినబడింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ఈ మాట మీ అత్తోళ్ళకి సెప్పొద్దు. సంబంధం మాట్లాడినప్పుడే సెప్పలేదని అంటారు."

దాచమంది అమ్మ. దాస్తే ఏమవుతుందో నాకు తెలియదు. చెప్తే ఏమవుతుందో కూడా తెలియదు. ఒకవేళ డాక్టరుకు చెప్పినాక, ఇదంతా మూఢనమ్మకం అని నవ్వితే? నవ్వకపోతే ఇంకా భయం.

మరుసటి రోజు రౌండ్సుకు వచ్చింది ఒక పెద్ద డాక్టరమ్మ. నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆమె వాడిని చూసి పక్క వార్డుకు పోతుంటే, అత్తను బిడ్డ దగ్గర ఉండమని చెప్పి వెనకాలే పోయినాను. వరండాలో ఆపినాను.

"మేడమ్, మా అమ్మ వైపు మగబిడ్డలు బతకరు," అన్నాను. అంతకంటే బాగా ఎట్ల చెప్పాలో తెలియలేదు.

ఆమె నవ్వలేదు. గోడ పక్కకు జరిగి, "ఎవరెవరు? ఏ వయసులో? చెప్పమ్మా," అనింది. చెప్పినాను. మా మేనమామలు ఇద్దరు, మా తమ్ముడు. అందరూ అమ్మ వైపు వాళ్ళేనా అని అడిగింది. ఆడపిల్లల్లో ఎవరికైనా ఇట్లా అయిందా అని అడిగింది. లేదన్నాను. అప్పుడామె ఇంకేం మాట్లాడకుండా వెనక్కి తిరిగి మా మంచం దగ్గరికే వచ్చింది. వాడి నోరు తెరిపించి టార్చి వేసి చూసింది. మెడ కింద, చంకల్లో వేళ్ళతో తడిమి చూసింది. మా అత్త లేచి నిలబడింది.

"ఇన్నిసార్లు గొంతూ చెవులూ చెడిన బిడ్డకు టాన్సిల్స్ వాచి కనిపించాలమ్మా," అనింది డాక్టరమ్మ. "ఈ పిల్లోడికి అవి ఉన్నట్టే లేవు. గ్రంథులు కూడా చేతికి తగలడం లేదు."

"లేకపోతే మంచిదే కదా మేడమ్," అన్నాడు అప్పుడే వచ్చిన మా ఆయన.

"రక్తం తీస్తాం. చూసి చెప్తాను," అనింది.

ఆ రక్తం ఫలితం వచ్చే దాకా నేను ఏం తిన్నానో, ఎట్ల నిద్రపోయినానో గుర్తులేదు. వచ్చినాక కూడా తేలలేదు. జబ్బుతో పోరాడే పదార్థం, అంటే యాంటీబాడీలు, వాడి రక్తంలో చాలా తక్కువగా ఉన్నాయంట. "కానీ ఈ వయసులో అది తక్కువగా ఉండటం కూడా మామూలే," అనింది డాక్టరమ్మ. "చిన్నబిడ్డ రక్తం అంటే పెద్దవాళ్ళ రక్తానికి చిన్న కొలత కాదమ్మా. ప్రతి వయసులో దాని లెక్క మారుతుంటుంది. కొందరు బిడ్డలకు ఈ పదార్థం తయారు కావడం ఆలస్యమవుతుంది, మెల్లిగా అదే సర్దుకుంటుంది. మీ ఇంటి సంగతి వినకపోయి ఉంటే నేను ఆగి చూద్దామనే చెప్పేదాన్ని. ఇప్పుడు ఆగమని చెప్పను. అసలు దాన్ని తయారుచేసే కణాలు ఉన్నాయా లేవా అని చూడాలి. వేలూరు పెద్దాసుపత్రికి పోండి."

ఫ్యాక్టరీలో కాయ లారీలు గేటు బయట వరుసలు కట్టి ఉన్న రోజులవి. సెలవు అడగబోతే మా మేనేజరు నా మొహం చూసి ఏమీ అడక్కుండానే పొమ్మన్నాడు. పాకాల స్టేషన్లో కాట్పాడి బండి ఎక్కినాము, వేలూరికి కాట్పాడిలోనే దిగాలి. అమ్మ కూడా వచ్చింది. పిలవకుండానే వడమాలపేట నుంచి తెల్లవారుజాము బస్సు పట్టుకొని స్టేషనుకు వచ్చి నిలబడింది. "ఈమె ఏంటికి?" అన్నట్టు మా అత్త చూసింది గానీ అనలేదు. మమ్మల్ని బండి ఎక్కించి, నా కూతురుతో ఇంటికి పోయింది.

ఆ ప్రయాణం నాకు నరకం. ఎదురు సీట్లో ఒకాయన దగ్గుతున్నాడు. మేము లేచి వేరే చోటికి మారితే అక్కడ ఒక పిల్ల ముక్కు కారుస్తా వాడి చేతిని పట్టుకోబోయింది. నేను గభాలున లాగేసినాను. ఆ పిల్ల తల్లి నన్ను ఎట్ల చూసిందో! చిత్తూరులో జనం ఎక్కినాక ఇంక మారేదానికి చోటు లేక మా ఆయన వాడిని భుజాన వేసుకొని, మొహం బయటికి రాకుండా చేతిగుడ్డ కప్పి, కాట్పాడి దాకా తలుపు దగ్గరే నిలబడినాడు. వాడికేమో అదంతా ఆట. గుడ్డ లాగి నవ్వుతాడు. మేము మళ్ళీ కప్పుతాము.

వేలూరులో రక్తం ఇచ్చి, అక్కడే ఒక లాడ్జిలో ఉండి, ఫలితం కోసం మళ్ళీ పోయినాము. డాక్టరు చిన్న వయసాయన. అరవం కలిపిన తెలుగు. ముగ్గురినీ కూర్చోమన్నాడు. అట్ల కూర్చోమన్నప్పుడే నాకు తెలిసిపోయింది.

"రక్తంలో తెల్లకణాలు చాలా రకాలుంటాయమ్మా," అన్నాడు. "కొన్ని క్రిమిని పట్టుకొని చంపుతాయి. ఆ పని చేసేవి మీ బాబుకు బాగానే ఉండాయి. ఇంకొక రకం ఉంటాయి. వాటి పని యాంటీబాడీలు తయారుచేసేది. అవి మీ బాబు రక్తంలో కనబడలేదు. వెతికినాము. దాదాపు లేవు. ఎముక మూలుగలో పుడతాయి, పెద్దవి కాకముందే ఆగిపోతాయి."

"పుట్టినప్పటి నుంచి బాగుండినాడు కద సార్," అన్నాడు మా ఆయన. "ఆరు నెలలు ఒక్క జొరం లేదు."

"అది తల్లి కట్టిచ్చిన సద్ది," అన్నాడాయన. "కడుపులో ఉన్నప్పుడే తల్లి రక్తం నుంచి బిడ్డకు యాంటీబాడీలు పోతాయి. ఏ బిడ్డకైనా అంతే. ఆరేడు నెలలకు ఆ సద్ది అయిపోతుంది. అప్పటికి బిడ్డ సొంతంగా వండుకోవడం నేర్చుకొని ఉంటాడు. వీనికి వంట రాదు."

"మరి నా కూతురికి?" అన్నాను. "అదే కడుపు కదా సార్."

ఆయన కాగితం తీసుకొని రెండు గీతలు గీసినాడు. ఆ కణాలు పెరిగేదానికి కావాల్సిన జన్యువు ఎక్స్ అనే క్రోమోజోమ్ మీద ఉంటుందంట. ఆడపిల్లకు ఆ ఎక్స్‌లు రెండు. ఒకటి చెడినా రెండోదానితో పని నడిచిపోతుంది, ఆమెకు జలుబు కూడా ఎక్కువ రాదు. మగబిడ్డకు ఉండేది ఒకటే. అది చెడిందైతే ఇంక వేరే దిక్కు లేదు. చెడినదాన్ని మోసుకొని తిరిగేది ఆడవాళ్ళు, దానితో జబ్బు పడేది మగబిడ్డలు.

అంతవరకు గోడకానుకొని కూర్చున్న అమ్మ అప్పుడు నోరు తెరిచింది.

"అయితే అది నా కాడినుంచే కదా సార్ వచ్చింది?"

"మీ అమ్మ దగ్గర నుంచి మీకు, మీ దగ్గర నుంచి ఈమెకు వచ్చినట్టుందమ్మా. అది తప్పు కాదు. చూసి ఏరి ఇచ్చేది కాదు అది."

అమ్మ ఆ మాట విన్నట్టు లేదు. "నా కొడుక్కి ఎనిమిదో నెలలో జొరం వస్తే, నా పాలు వానికి పడలేదన్నారు సార్. పాలల్లో దోషం ఉండాది, మాన్పించమన్నారు. మాన్పించేసినాను. వాడు రొమ్ము కోసం వెతుక్కుంటా ఏడ్సినాడు. నేను ఇయ్యలే. ఆవుపాలు తాపించినాను. అయినా పొయినాడు. ఇన్నేళ్ళూ నేను... పాలల్లో ఏముండిందో అని..."

"పాలల్లో ఏమీ లేదమ్మా," అన్నాడు డాక్టరు. "పాలు మంచివే."

అమ్మ ముందుకు జరిగింది. "అప్పుడు ఈ మందు ఉండిందా సార్?"

మందు మాట ఆయన అప్పటికింకా పూర్తిగా చెప్పనే లేదు. ఉందని మాత్రం ముందే అన్నాడు. ఆమె అది పట్టుకుంది. ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టినాడు.

"యాడో ఉండింది. మీ ఊరి దాకా వచ్చుండదు. ఆ కాలంలో ఈ జబ్బును చూసి గుర్తుపట్టేవాళ్ళే మాలో చాలా తక్కువ. అబద్ధం చెప్పలేనమ్మా మీకు."

అమ్మ తల ఊపింది. ఏడవలేదు. మా ఆయన ఒళ్ళో కూర్చొని ఆ గీతలు గీసిన కాగితాన్ని నోట్లో పెట్టుకోబోతున్న వాడిని, లేచి, రెండు చేతులా తీసుకుంది. పుట్టినాక అదే మొదటిసారి. వాడు కొత్త లేకుండా ఆమె ముక్కుపుడక పట్టుకొని లాగినాడు. అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.

వాడికి చేయగలిగింది ఒకటే. తనకు లేనిదాన్ని వేరేవాళ్ళ దగ్గర నుంచి తీసి ఎక్కించడం. రక్తదానం చేసిన ఎందరెందరి రక్తమో కలిపి, ఆ యాంటీబాడీలను మాత్రం వేరు చేసి సీసాలో పెడతారు. నెలకొకసారి సెలైన్ లాగా ఎక్కించాలి. ఎన్నేళ్ళు అని మా ఆయన అడిగినాడు. "ఉన్నన్నాళ్ళూ," అన్నాడు డాక్టరు. అది తిరుపతిలోనే జరిగే ఏర్పాటు చేసి పంపినాడు. ఇంకొక మాట కూడా గట్టిగా చెప్పినాడు. పోలియో చుక్కలు ఇంక వేయించొద్దు. అందులో ఉండేది బతికున్న క్రిమి, మామూలు బిడ్డకు అది రక్ష, వీనికి ప్రమాదం. ఇంట్లో ఐదేళ్ళ లోపు బిడ్డలు ఇంకెవరున్నా వాళ్ళకూ వేయించొద్దు, వాళ్ళ నుంచి వీనికి అంటొచ్చు.

వాడు పుట్టినప్పుడు వేసినారు, తర్వాత కూడా టీకాలతో పాటు వేసినారు. నేనే నోరు తెరిపించి పట్టుకున్నాను. పరీక్షకు పంపుదాం, ఇంతవరకు ఏం కాలేదంటే కంగారు పడాల్సింది లేదన్నాడాయన. అయినా ఇంటికొచ్చిన తర్వాత చాలాకాలం నాకు వాడి కాళ్ళే కళ్ళల్లో. నిద్రలో కాలు కదిలిస్తే అమ్మయ్య అనుకునేదాన్ని. కదిలించకపోతే అరికాలు గిల్లి లేపేదాన్ని. వాడు లేచి ఏడుస్తాడు. మా ఆయన కసురుకుంటాడు. వాడు గోడ పట్టుకొని లేచి మొదటి అడుగులు వేసిన రోజు అందరూ చప్పట్లు కొట్టినారు, నేను స్నానాల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

అత్తకు ఎవరు చెప్పాలా అని మేము చూస్తుంటే మా ఆయనే చెప్పేసినాడు. ఆమె అంతా విని, "అయితే ఈ దోషం మీ ఇంటి నుంచి వచ్చిందన్నమాట," అనింది నా వైపు చూసి. ఆ మాటకు అమ్మ ఎన్నేళ్ళు భయపడిందో! నేను తల దించుకున్నాను.

"అమ్మా," అన్నాడు మా ఆయన, "వానికి సూది ఎప్పుడెయ్యాలో అది మాట్లాడు. ఎవరింటి నుంచి వచ్చిందో మనకేంటికి?"

ఆమె కొన్నాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మొదటిసారి మందు ఎక్కించేటప్పుడు మాత్రం తానూ వస్తానని కూర్చుంది. ఎక్కించడం మొదలైన కాసేపటికి వాడు వణకడం మొదలుపెట్టినాడు, పెదాలు నీలంగా కనబడినాయి. నేను అరిచినాను. నర్సు వచ్చి చుక్కల వేగం తగ్గించి, దుప్పటి కప్పి, అట్ల కొందరికి అవుతుందని చెప్పింది. వణుకు తగ్గే దాకా మా అత్త వాడి పాదాలను రెండు అరచేతుల మధ్య పెట్టుకొని రుద్దుతానే ఉండింది. వాడు నిద్రపోయినాక సీసా వైపు చూసి, "ఎవురివి మే ఆ నీళ్ళు?" అని అడిగింది. చెప్పినాను. ఎవరో తెలియని వాళ్ళు చాలామంది ఇచ్చినవని.

"వాళ్ళ కడుపు సల్లగుండ," అనింది.

ఆ తర్వాత వచ్చిన పోలియో ఆదివారం నాకింకా గుర్తుంది. అంగన్‌వాడీ ఆమె, ఆశా ఆమె ఐస్ డబ్బా భుజాన వేసుకొని వచ్చినారు. మా ఇంట్లో చిన్నబిడ్డ ఉన్నాడని వాళ్ళకు తెలుసు. వద్దన్నాను. "ఎట్లక్కా, చదువుకున్న మీరే వద్దంటే వీధిలో మిగతావాళ్ళు ఏమంటారు?" అనింది ఆశా ఆమె. చుట్టూ జనం చేరినారు. డాక్టరు రాసిచ్చిన కాగితం ఎక్కడ పెట్టినానో ఆ కంగారులో దొరకలేదు. నేను బీరువా అంతా కింద పోస్తుంటే, బయట మా అత్త గొంతు వినబడింది.

"మా పిల్లోనికి ఆ చుక్కలు పడవు. మీ పిలకాయలకు వేయించండి, అందరికీ వేయించండి. ఊర్లో బిడ్డలందరూ గట్టిగా ఉంటేనే మావోడికి ఏదీ అంటకుండా ఉండేది. ఎవురన్నా వేయించకుండా ఉంటే, నేను మీ కాళ్ళ మీద పడతాండాననుకోండి."

ఆశా ఆమె తర్వాత డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడి రాసుకొని పోయింది. ఆ సాయంత్రం వీధి చివరి ఇంట్లో ఎప్పుడూ వేయించని వాళ్ళు కూడా వేయించినారని విన్నాను.

ఇప్పుడు వాడికి ఆరేళ్ళు. ఒకటో తరగతి. నెలనెలా తిరుపతికి పోతాము. ఆ రోజు వాడికి బడి ఉండదు కాబట్టి అది వాడికి పండగ. నాకు మాత్రం ఆ ముందు వారం పండగ కాదు. సీసా ఎక్కించి ఎక్కువ రోజులైతే దాని బలం తగ్గుతుంది. ఆ రోజుల్లో వాడు ఒక్కసారి దగ్గితే నేను చేస్తున్న పని ఆపి రెండో దగ్గు కోసం ఎదురుచూస్తాను. ఒకసారి మందు దొరకడం ఆలస్యమైంది. వాడిని బడి మాన్పించి, వచ్చేపోయేవాళ్ళందరినీ వాకిట్లో నుంచే పంపించేసినాను. చుట్టాలు నొచ్చుకున్నారు. నొచ్చుకోనీ. జొరాలు అసలు రావని కాదు. వస్తాయి, పోతాయి. పోతాయనేది మా ఇంట్లో కొత్త. నెమ్ముతో ఆసుపత్రిలో చేరింది ఈ మధ్య లేదు. అమ్మ వడమాలపేట నుంచి వచ్చినప్పుడల్లా వాడిని చంకనేసుకొని తిరుగుతుంది. దింపమంటే వినదు. "కాళ్ళు నేలకు తగిలేంత అయినాడమ్మా, నీ నడుము విరుగుతాది," అంటే, "ఎత్తుకోని రోజులన్నీ బాకీ ఉండాయి మే," అంటుంది.

నా కూతురికి పదమూడేళ్ళు. ఇంట్లో మాట్లాడినవన్నీ అది వింటానే పెరిగింది. మొన్న పొద్దున జడ వేస్తున్నాను. కూర్చున్నది కూర్చున్నట్టే అడిగింది.

"మా, నాకూ ఉండాదా అది?"

ఏది అని అడగాల్సిన పని లేదు. "ఉండొచ్చు. లేకపోవచ్చు. సగానికి సగం," అన్నాను. "ఉన్నా నీకు ఏమీ కాదు."

"నాకు కాదు. నాకు కొడుకు పుడితే?"

డాక్టరమ్మతో ఈ సంగతి నేను ముందే మాట్లాడి ఉన్నాను. పరీక్ష చేయొచ్చు, కానీ తొందర లేదు, అమ్మాయి పెద్దదై తానే తెలుసుకోవాలని అడిగినప్పుడు చేద్దామనింది. తెలిసినదాన్ని మళ్ళీ తెలియనట్టు చేయలేము కదా అనింది. అదే చెప్పినాను.

"నేను ఇప్పుడే అడగతాండా కదా," అనింది నా కూతురు.

"ఇంకొంచెం పెద్దదానివి కానీ."

"నీకు ముందే తెలిసుంటే తమ్ముణ్ణి కనేదానివా?"

నా చేతుల్లో జడ పాయలు మూడూ అట్లే ఉండిపోయినాయి. ఔను అంటే అబద్ధమేమో, కాదు అంటే అంతకంటే పెద్ద అబద్ధం. పక్క గదిలో వాడు బూట్లు దొరకలేదని గొడవ చేస్తున్నాడు. అత్త వెతుకుతా తిడుతున్నది.

"ముందే తెలిసుంటే," అన్నాను, "పుట్టిన రోజు నుంచే మందు వేయించేదాన్ని. చెవి ఒక్కసారి కూడా కారనిచ్చేదాన్ని కాదు."

అది వెనక్కి తిరిగి నా మొహం చూసింది. నమ్మిందో లేదో తెలియదు. మళ్ళీ ముందుకు తిరిగి, "తొందరగా వెయ్యి, బస్సు వస్తాది," అనింది. జడ బిగించి రిబ్బను కట్టినాను. ఇద్దరూ బ్యాగులు తగిలించుకొని బయటికి పోయినారు. బస్సు ఎక్కే ముందు అది తమ్ముడి ముక్కు కింద తన చేతిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ఎండ వైపు ఎత్తి పసుప్పచ్చగా ఏమైనా కనబడుతుందా అని చూసింది. నేను రోజూ చూసినట్టే.